టైప్ 1 పిల్లలకి జ్వరం, వాంతులు వచ్చినప్పుడు: తిండి లేకపోయినా ఇన్సులిన్ ఎందుకు ఆపకూడదు

మీరు రాసిందంతా చదివాను. బాబుకి ఏడేళ్లు, 22 కిలోలు, టైప్ 1 డయాబెటిస్ అని తెలిసి ఎనిమిది నెలలు. రోజంతా కలిపి 12 యూనిట్లు వేస్తున్నారు. పోయిన వారం జ్వరం, రెండు వాంతులు, రాత్రికి షుగర్ 290. ఇడ్లీ ముక్క కూడా ముట్టలేదు కాబట్టి "తిండి లేకుండా సూది వేస్తే పడిపోతాడు, లంఖణం పరమౌషధం అన్నారు, ఈ పూటకి ఆపండి" అని మీ అత్తయ్యగారు అన్నారు. డాక్టర్‌గారి ఫోన్ కలవలేదు. మీరు సగం డోసు వేసి తెల్లవార్లూ పక్కనే కూర్చున్నారు. ఇంకోసారి ఇలా వస్తే ఏం చేయాలని ఒక ప్రశ్న, జ్వరం తగ్గి నాలుగు రోజులైనా షుగర్ 220 దాటుతోంది, డోసు పెంచాలా అని ఇంకో ప్రశ్న. నేను డయాబెటిస్ ఎడ్యుకేటర్‌ని, చాలా ఏళ్లుగా పిల్లల విభాగంలోనే పని. కాస్త పొడుగ్గానే రాస్తున్నాను, ఎందుకంటే ఈ విషయంలో సగం చెప్పి సగం వదిలేస్తే చెప్పకపోవడం కంటే ప్రమాదం. ఇందులో ఉన్న డోసుల లెక్కలు మాత్రం మీ డాక్టర్‌గారికి చూపించి, మీ బాబు బరువుకి, వాడే ఇన్సులిన్‌కి సరిపోయేలా ఒక కాగితం మీద రాయించుకున్నాకే వాడండి. ఆ కాగితం ఇప్పుడే, పిల్లాడు బాగున్నప్పుడే రాయించుకోవాలి.

ముందు అసలు మాట. ఇన్సులిన్ తగ్గించాల్సిన రోజులు ఉంటాయి, పెంచాల్సిన రోజులు ఉంటాయి, పూర్తిగా ఆపేసే రోజు మాత్రం లేదు. జ్వరమైనా, వాంతులైనా, విరేచనాలైనా, ఆపరేషన్ రోజైనా సరే.

ఎందుకంటే, జ్వరం వచ్చినప్పుడు ఒంట్లో కార్టిజాల్, అడ్రినలిన్, గ్లూకగాన్ లాంటి హార్మోన్లు పెరుగుతాయి. అవి కాలేయంలో దాచుకున్న చక్కెరని రక్తంలోకి వదిలిస్తాయి, వేసిన ఇన్సులిన్‌ని కూడా సరిగా పనిచేయనివ్వవు. అందుకే పిల్లాడు పొద్దుటి నుంచీ మంచినీళ్లు తప్ప ఏమీ పుచ్చుకోకపోయినా మీటర్ 290 చూపిస్తుంది. ఆ షుగర్ తిండి నుంచి వచ్చింది కాదు, కాలేయం నుంచి వచ్చింది. మిగతా పిల్లలకైతే అలాంటప్పుడు క్లోమం ఇంకాస్త ఎక్కువ ఇన్సులిన్ వదిలి సర్దేస్తుంది, మన పిల్లలకి అది మనమే ఇవ్వాలి. ఇవ్వకపోతే కణాలకి చక్కెర అందదు, ఒళ్లు కొవ్వుని కరిగించుకోవడం మొదలుపెడుతుంది, కొవ్వు కరిగితే కీటోన్లు పుడతాయి, అవి ఆమ్లాలు కాబట్టి రక్తంలో పేరుకునేకొద్దీ కడుపునొప్పి, వాంతులు, ఆ వాంతుల వల్ల ఒంట్లో నీరు పోవడం, నీరు తగ్గేకొద్దీ కీటోన్లు మూత్రంలో పోలేక ఇంకా పేరుకోవడం. దీన్నే ఆస్పత్రిలో డీకేఏ (డయాబెటిక్ కీటోఅసిడోసిస్) అంటారు. చిన్న పిల్లల్లో ఇదంతా కొన్ని గంటల్లోనే జరిగిపోవచ్చు.

మీ అత్తయ్యగారి భయం అర్థం లేనిది కాదు. తినని పిల్లాడికి భోజనం ముందు వేసే ఇన్సులిన్ మొత్తం వేస్తే షుగర్ పడిపోతుంది, అది నిజమే. లంఖణం మాట కూడా తప్పు కాదు, ఒక పూట తినకపోతే మామూలు పిల్లలకి వచ్చే నష్టమేమీ లేదు. కానీ ఆ మాట ఇన్సులిన్ ఒంట్లో తనంతట తానే ఊరేవాళ్లకి. ఆవిడకి ఇలా చెప్పి చూడండి: "ఈ సూది అన్నం కోసం కాదు అత్తయ్యా, జ్వరం కోసం." ఇది ఎంతోమంది పెద్దవాళ్లకి నేను చెప్పిన మాటే, చాలామంది వెంటనే పట్టుకుంటారు. వాళ్లు మన మాట కాదనేది మొండితనంతో కాదు, మనవడు ఏమైపోతాడో అన్న భయంతో.

ఇప్పుడు ఆ సగం డోసు గురించి. ఏ ఇన్సులిన్‌లో సగం వేశారో మీరు రాయలేదు, అసలు సంగతి అంతా అక్కడే ఉంది. మీరు లాంటస్, బేసలాగ్, ట్రెసిబా లాంటి రోజుకోసారి వేసేది ఒకటి, భోజనానికి ముందు వేసే నోవోరాపిడ్, హ్యూమలాగ్ లాంటిదో లేక రెగ్యులర్ ఇన్సులినో ఇంకొకటి వాడుతూ ఉండాలి. మొదటిది తిండితో సంబంధం లేకుండా 24 గంటలూ ఒంటికి కావాల్సింది. జ్వరంలో దాన్ని తగ్గించకూడదు, షుగర్ మరీ తక్కువగా ఉంటే తప్ప, అదీ డాక్టర్ చెప్తే తప్ప. రెండోదాన్ని తిన్నదానికి తగ్గట్టు మార్చుకోవచ్చు. పిల్లాడు ఎంత తింటాడో తెలియనప్పుడు నోవోరాపిడ్ లాంటివి తిన్న వెంటనే, తిన్నంత మేరకే వేయడానికి కూడా చాలామంది డాక్టర్లు ఒప్పుకుంటారు, అడగండి. ఒకవేళ మీరు పొద్దునా సాయంత్రం 30/70 మిక్స్ వేస్తుంటే ఇబ్బందే, ఎందుకంటే అందులో రెండూ కలిసే ఉంటాయి, ఒకటి ఉంచి ఒకటి తగ్గించడం కుదరదు. మిక్స్ వాడే పిల్లలకి ఇలాంటి రోజుల కోసం విడిగా ఒక రెగ్యులర్ ఇన్సులిన్ బాటిల్, దాన్ని ఎలా వాడాలో రాసిన కాగితం ఇంట్లో ఉండాలి.

ఇంట్లో ఉండాల్సిన వాటిలో నేను అన్నిటికంటే ముందు పెట్టేది కీటోన్ స్ట్రిప్స్. షుగర్ మీటర్ ఒక్కటే ఉంటే సగం విషయమే తెలుస్తుంది. 290 షుగర్, కీటోన్లు లేవు అంటే కంగారు పడాల్సిన పని లేదు. 190 షుగర్, కీటోన్లు 2 ఉన్నాయంటే అది ఎక్కువ ప్రమాదం. రక్తంలో కీటోన్లు చూసే మీటర్ ఉంటే మంచిది, వేలి మీద చుక్కతోనే తెలుస్తుంది, కానీ స్ట్రిప్ ఖరీదు ఎక్కువ, అన్ని షాపుల్లో దొరకవు. అది కుదరకపోతే మూత్రంలో ముంచే స్ట్రిప్స్ తెచ్చుకోండి. స్ట్రిప్ ముంచి తీసి, సరిగ్గా డబ్బా మీద రాసిన సెకన్లకే, చాలావాటికి అది 15 సెకన్లు, రంగు పోల్చి చూడాలి. లేత గోధుమ రంగులోనే ఉంటే లేనట్టు, గులాబీకి తిరిగితే మొదలైనట్టు, ముదురు వంకాయ రంగైతే చాలా ఎక్కువ. డబ్బా తెరిచాక దాని మీద తేదీ రాయండి, ఆరు నెలలు దాటితే నమ్మకం లేదు. ఇంకో సంగతి, మూత్రం అన్నది కొన్ని గంటల కిందటి పరిస్థితి చూపిస్తుంది. అందుకే చికిత్స పనిచేసి పిల్లాడు తేరుకుంటున్నా స్ట్రిప్ ఇంకాసేపు రంగు చూపిస్తూనే ఉంటుంది.

ఎంత తరచుగా చూడాలి అంటే, ఒంట్లో బాగాలేని రోజు షుగర్ ప్రతి మూడు గంటలకి, వాంతులు అవుతున్నా షుగర్ 250 దాటినా ప్రతి రెండు గంటలకి, రాత్రి కూడా. కీటోన్లు రెండు నుంచి నాలుగు గంటలకోసారి. అలారం పెట్టుకుని ఇద్దరూ వంతులేసుకోండి, మీరొక్కరే తెల్లవార్లూ కూర్చోవద్దు, మర్నాడు లెక్కలు వేయాల్సింది కూడా మీరే కదా. చేతికి షుగర్ చూసే సెన్సర్ పెట్టి ఉన్నా ఇలాంటప్పుడు వేలి రక్తంతో సరిచూసుకోవాలి. ఒంట్లో నీరు తగ్గితే సెన్సర్ సరిగా చూపించకపోవచ్చు, జలుబుకని విటమిన్ సి ఎక్కువ మోతాదులో ఇస్తే కొన్ని రకాల సెన్సర్లు ఉన్నదాని కంటే ఎక్కువ చూపిస్తాయి. వేలు గుచ్చే ముందు చేయి కడగండి, గ్లూకోజ్ నీళ్లు అంటిన వేలి నుంచి తప్పుడు 300 రావడం మామూలే.

ఇక లెక్క. పిల్లల డయాబెటిస్ మీద పనిచేసే అంతర్జాతీయ సంఘం ఇస్పాడ్ 2022లో ఇచ్చిన సూచనల ఆధారంగా చెప్తున్నాను. రక్తంలో కీటోన్లు (మీటర్ mmol/Lలో చూపించే అంకె) 0.6 లోపు ఉంటే మామూలు. 0.6 నుంచి 1.5 దాకా ఉంటే జాగ్రత్త పడాలి. 1.5 దాటితే డీకేఏ వైపు వెళ్తున్నట్టు, 3 దాటితే ఇంట్లో ఉండకూడదు. షుగర్ 250 పైన ఉండి కీటోన్లు 0.6 - 1.5 మధ్య ఉంటే త్వరగా పనిచేసే ఇన్సులిన్ అదనంగా కిలోకి 0.05 యూనిట్, అంటే మీ బాబుకి 22ని 0.05తో గుణిస్తే 1.1, ఒక యూనిట్. కీటోన్లు 1.5 దాటితే కిలోకి 0.1, అంటే 2 యూనిట్లు. బరువు కాకుండా రోజు మొత్తం డోసులో 5 - 10 శాతం, 10 - 20 శాతం అని కూడా లెక్క వేస్తారు, మీ బాబుకి రెండూ ఇంచుమించు ఒకే చోటికి వస్తాయి. ఇది రోజూ వేసేది కాకుండా అదనంగా వేసేది. రెండు గంటల తర్వాత మళ్లీ రెండూ చూడాలి, కీటోన్లు దిగకపోతే ఇంకోసారి వేయొచ్చు. రెగ్యులర్ ఇన్సులిన్ అయితే మాత్రం తొందరపడకూడదు, దాని పని ఆరేడు గంటలు సాగుతుంది, రెండు గంటలకే మళ్లీ వేస్తే ఒకదాని మీద ఒకటి పడి తెల్లవారుజామున షుగర్ దిగిపోతుంది, కనీసం నాలుగు గంటల ఎడం ఉండాలి. రెండుసార్లు అదనపు డోసు వేసినా కీటోన్లు దిగకపోతే మూడోది ఇంట్లో వద్దు, ఆస్పత్రికి బయల్దేరండి.

సిరంజి సంగతి కూడా చెప్తున్నాను, విసుక్కోకండి. మన దగ్గర 40 బలం (మి.లీ.కి 40 యూనిట్లు) ఇన్సులిన్ బాటిల్ ఉంది, 100 బలం (మి.లీ.కి 100 యూనిట్లు) ఇన్సులిన్ కూడా ఉంది. ఎర్ర మూత సిరంజి 40 దానికి, నారింజ మూత సిరంజి 100 దానికి. అర్ధరాత్రి కంగారులో తమ్ముడు షాపుకెళ్లి ఏది దొరికితే అది తెస్తాడు. 100 బలం ఇన్సులిన్‌ని ఎర్ర మూత సిరంజిలో 2 గీతల దాకా లాగితే ఒంట్లోకి వెళ్లేది 5 యూనిట్లు. ఏడేళ్ల పిల్లాడికి అది చిన్న తేడా కాదు. ఇన్సులిన్ పెన్ వాడుతుంటే అర యూనిట్ తిప్పగలిగే పెన్ గురించి అడగండి.

ఇప్పుడు దీనికి పూర్తిగా ఎదురు పరిస్థితి. వాంతులు, విరేచనాల్లో కొన్నిసార్లు షుగర్ పెరగదు, తగ్గుతుంది. తిన్నది ఒంటికి పట్టదు, షుగర్ 80, 75 అని దిగుతూ ఉంటుంది, కీటోన్లు మాత్రం 1 దాటి ఉంటాయి. ఇవి ఆకలి కీటోన్లు. ఇక్కడ అదనపు ఇన్సులిన్ వేయకూడదు, ముందు చక్కెర లోపలికి పోవాలి. భోజనం డోసు తగ్గిస్తారు లేదా తిన్నదాకా ఆపి చూస్తారు, రోజుకోసారి వేసేది డాక్టర్‌ని అడిగి 20 శాతం, ఒక్కోసారి సగం దాకా కూడా తగ్గిస్తారు, అంతే తప్ప సున్నా చేయరు. తాగించే పద్ధతి ముఖ్యం. వాంతి అయ్యాక పది నిమిషాలు ఏమీ ఇవ్వకండి. ఆ తర్వాత గ్లాసు నోటికి పెట్టకండి, దాహంతో గటగటా తాగేస్తాడు, మొత్తం మళ్లీ బయటికి వస్తుంది. మందుతో పాటు వచ్చే 5 మి.లీ. చెంచా తీసుకుని రెండు నిమిషాలకి ఒక చెంచా. ఇది చూడ్డానికి ఏమీ లేనట్టు ఉంటుంది కానీ గంటకి ముప్పై చెంచాలు, 150 మి.లీ. లోపలికి వెళ్తుంది. వార్డులో సెలైన్ కోసం తీసుకొచ్చిన పిల్లలు ఈ చెంచాతోనే కుదుటపడటం ఎన్నోసార్లు చూశాను. అమ్మ చెయ్యి నొప్పి పుడుతుంది, నాన్ననీ నాయనమ్మనీ కూడా కూర్చోబెట్టండి.

ఏం తాగించాలి అన్నది మీటర్ చెప్తుంది. షుగర్ 250 పైన ఉంటే మంచినీళ్లు, ఉప్పేసిన పల్చటి మజ్జిగ, కారం లేని చారు, ఓఆర్ఎస్. 180 లోపు ఉంటే చక్కెర ఉన్నవి కావాలి: చక్కెర కలిపిన గంజి, కొబ్బరినీళ్లు, గ్లూకోజ్ నీళ్లు, పళ్లరసం. తలగొట్టిన చిన్న చెంచాడు చక్కెర అంటే 4 - 5 గ్రాములు. ఓఆర్ఎస్ అంటే చాలామంది తల్లులు "అందులో చక్కెర ఉంటుంది కదండీ" అని ఇవ్వడం మానేస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా ప్రకారం లీటరుకి 13.5 గ్రాముల గ్లూకోజే, అంటే 200 మి.లీ. గ్లాసులో మూడు గ్రాములు కూడా ఉండదు, నిశ్చింతగా ఇవ్వండి. పెద్ద ప్యాకెట్ మొత్తం ఒకేసారి లీటరు నీళ్లలో కలపాలి, కొంచెం పొడి కొంచెం నీళ్లు అని అంచనాకి కలిపితే ఉప్పు పాళ్లు చెడతాయి. 24 గంటల తర్వాత మిగిలింది పారబోయాలి. విరేచనం అయిన ప్రతిసారీ ఈ వయసు పిల్లలకి 100 - 200 మి.లీ. అదనంగా పట్టాలి.

కానీ ప్యాకెట్ చూసి కొనండి. ఓఆర్ఎస్ పేరుతో అట్టపెట్టెల్లో వచ్చిన తీపి పానీయాల్లో చక్కెర ఎన్నో రెట్లు ఎక్కువ. హైదరాబాద్‌లో పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు దీని మీద ఏళ్ల తరబడి పోరాడారు, 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ అలాంటి పానీయాల పేరులో ఓఆర్ఎస్ అనే మాట వాడకూడదని ఆదేశమిచ్చింది. ఆవిడ చేసిన మేలు మామూలు పిల్లలకి ఎంతో, మన పిల్లలకి అంతకంటే ఎక్కువ. కొనేటప్పుడు డబ్ల్యుహెచ్ఓ (ప్రపంచ ఆరోగ్య సంస్థ) ఫార్ములా అని ఉందో లేదో చూసి, పొడి ప్యాకెట్టే తెచ్చుకోండి.

షుగర్ 70 లోపుకి వచ్చి, నోట్లో ఏది పోసినా వాంతి అవుతుంటే చాలామందికి తెలియని దారి ఒకటి ఉంది. గ్లూకగాన్ ఇంజెక్షన్‌ని చిన్న మోతాదులో ఇవ్వడం. 1 మి.గ్రా. పొడిని దానితో వచ్చే 1 మి.లీ. ద్రవంలో కలిపి, నారింజ మూత సిరంజిలో రెండేళ్లు దాటిన పిల్లలకి ఎన్నేళ్లయితే అన్ని గీతలు, మీ బాబుకి 7, ఇన్సులిన్ వేసినట్టే చర్మం కింద వేస్తారు. 20 - 30 నిమిషాల్లో షుగర్ కాస్త లేస్తుంది, ఆ సమయంలో ద్రవాలు పట్టుకోవచ్చు. ఎర్ర మూత సిరంజి ఇక్కడ అస్సలు పనికిరాదు, గీతల లెక్క మారిపోతుంది. ఈ మందు అన్ని ఊళ్లలో దొరకదు, ఖరీదు కూడా. అందుకే మీకు ఇది అవసరమా, ఉంచుకోవాలా అని ముందే డాక్టర్‌గారిని అడగండి, చేత్తో చూపించమనండి. ఇది ఇంట్లో లేకపోతే 70 లోపు, వాంతులు కలిస్తే ఆలోచించకుండా ఆస్పత్రికే.

జ్వరానికి పారాసెటమాల్ కిలోకి 15 మి.గ్రా., మీ బాబుకి 330 మి.గ్రా. దగ్గర. సిరప్‌లలో 5 మి.లీ.కి 125 ఉన్నవి, 250 ఉన్నవి రెండూ వస్తాయి, సీసా మీద చూసి కొలవండి. షుగర్ లేని సిరప్ కోసం ఊరంతా తిరగొద్దు, ఒక చెంచా సిరప్‌లో ఉండే చక్కెర జ్వరం పెంచే షుగర్ ముందు లెక్కలోకి రాదు. వర్షాకాలం నుంచి కార్తీకం దాకా మన దగ్గర డెంగీ భయం ఉంటుంది కాబట్టి రక్తపరీక్ష చేసే దాకా ఐబుప్రొఫెన్, మెఫనమిక్ యాసిడ్, యాస్పిరిన్ జోలికి పోవద్దు, ఒంట్లో నీరు తగ్గినప్పుడు వాటివల్ల కిడ్నీలకీ ఇబ్బందే. ఆయాసానికి స్టెరాయిడ్ రాస్తే ఇవ్వండి, భయపడి ఆపకండి, కానీ షుగర్ బాగా పెరుగుతుందని ముందే తెలుసుకుని డోసు గురించి అదే రోజు అడగండి. వాంతులు ఆగే మందు ఇచ్చే ముందు కీటోన్లు చూడండి. డీకేఏ వాంతిని మందుతో ఆపితే లోపల జరిగేది ఆగదు, మనకి కనిపించడమే ఆగుతుంది.

ఇప్పుడు నాకు చాలా బాధ కలిగించే సంగతి, సెలైన్. జ్వరమొచ్చి నీరసంగా ఉంటే ఊళ్లో ఆర్ఎంపీ దగ్గరికి తీసుకెళ్లి ఒక బాటిల్ ఎక్కించుకు రావడం మనకి అలవాటు. ఆ బాటిల్ నార్మల్ సెలైన్ కావచ్చు, డీఎన్ఎస్ (డెక్స్ట్రోజ్, అంటే గ్లూకోజ్, కలిపిన సెలైన్) కావచ్చు, 5 శాతం డెక్స్ట్రోజ్ కావచ్చు. చివరి రెండింటిలో 500 మి.లీ.కి 25 గ్రాముల గ్లూకోజ్ నేరుగా రక్తంలోకి వెళ్తుంది. ఇంట్లో ఇన్సులిన్ ఆపి, ఇక్కడ ఇది ఎక్కించి, షుగర్ మీటర్‌కి అందనంతగా పెరిగాక మా దగ్గరికి వచ్చిన పిల్లల్ని చూశాను. "గ్యాస్ పట్టిందన్నారు మేడమ్" అని తల్లి అంటుంటే, పిల్ల మాత్రం పక్కటెముకలు ఎగరేస్తూ లోతుగా ఊపిరి తీస్తూ ఉంటుంది, నోటి నుంచి పండిన పండు వాసన. ఆ ఊపిరి ఒకసారి చూస్తే మర్చిపోలేరు. అందుకే ఎక్కడికి వెళ్లినా గుమ్మంలోనే చెప్పాల్సిన మాట: "వీడికి టైప్ 1, షుగర్, కీటోన్లు చూశాకే ఏదైనా ఎక్కించండి." అలాగని డెక్స్ట్రోజ్ పేరు వింటేనే పోట్లాటకి దిగకండి. పెద్దాస్పత్రిలో డీకేఏ వైద్యంలో షుగర్ కాస్త దిగాక ఇన్సులిన్ కొనసాగించడం కోసమే డెక్స్ట్రోజ్ కలుపుతారు, ఆకలి కీటోన్లకి కూడా అది కావాలి. ఇన్సులిన్ ఆపి ఎక్కించడం తప్పు, ఇన్సులిన్‌తో పాటు ఎక్కించడం వైద్యం.

ఆలస్యం చేయకుండా వెళ్లాల్సిన పరిస్థితులు ఇవి. వాంతులు రెండు గంటలు దాటినా ఆగకపోవడం, కీటోన్లు 3 దాటడం లేదా మూత్రం స్ట్రిప్ ముదురు రంగుకి తిరగడం, పైన చెప్పిన ఆ లోతైన ఊపిరి, కడుపునొప్పి పెరగడం, పిల్లాడు మత్తుగా ఉండి పిలిస్తే సరిగా పలకకపోవడం, ఆరేడు గంటలుగా మూత్రం పోయకపోవడం, ఏడిస్తే కన్నీళ్లు రాకపోవడం, షుగర్ 70 పైకి నిలవకపోవడం. ఐదేళ్ల లోపు పిల్లలకైతే ఇంకా ముందే బయల్దేరాలి. కీటోన్ స్ట్రిప్స్ ఇంట్లో లేవు, వాంతులు అవుతున్నాయి, షుగర్ ఎక్కువగా ఉందంటే అది డీకేఏ అనుకునే వెళ్లండి. బండి లేకపోతే 108. పిల్లల ఐసీయూ ఉన్న దగ్గరి ఆస్పత్రి ఏదో, రాత్రిపూట ఎవరు ఉంటారో ఇప్పుడే కనుక్కుని పెట్టుకోండి. సంచిలో ఇన్సులిన్, మీటర్, స్ట్రిప్స్, డాక్టర్ రాసిన కాగితం, రీడింగుల నోట్‌బుక్ మీవే తీసుకెళ్లండి. "ఏమీ తినకూడదు కాబట్టి ఇన్సులిన్ వద్దు" అని డ్యూటీలో ఉన్నవాళ్లు అంటే మర్యాదగానే, గట్టిగా, పెద్ద డాక్టర్‌తో మాట్లాడించమనండి.

మీరు అడగలేదు కానీ ఇది చెప్పకుండా వదల్లేను. ఆటలమ్మ పోసినప్పుడు ఇంట్లో సూది, మందు ఆపేసే అలవాటు ఇంకా చాలా ఇళ్లలో ఉంది. అమ్మవారికి చేయాల్సినవన్నీ చేసుకోండి, వేపాకు పరుపు మీద పరచండి, చల్లటివి పెట్టండి, ఇన్సులిన్ మాత్రం ఏ పూటా తప్పకూడదు. ఆటలమ్మకి టీకా ఉంది, మీ బాబుకి వేశారో లేదో కార్డు చూడండి. ఫ్లూ టీకా టైప్ 1 పిల్లలకి ఏటా వేయించమంటారు, వానలకి ముందే వేయించుకుంటే మంచిది.

చివరిగా ఆ 220 సంగతి. జ్వరం తగ్గినా ఒంట్లో ఆ ఒత్తిడి కొన్ని రోజులు ఉంటుంది, వారం దాకా ఇన్సులిన్ ఎక్కువ కావాల్సి రావడం మామూలే. కీటోన్లు లేకుండా, పిల్లాడు తింటూ ఆడుకుంటూ ఉంటే కంగారు లేదు, కానీ ఊరికే చూస్తూ కూర్చోవద్దు. ముందు ఇన్సులిన్ బాటిల్ చూడండి, ఆ హడావుడిలో ఫ్రిజ్ బయట ఎండ తగిలే చోట ఉండిపోయిందా, తెరిచి 28 రోజులు దాటిందా. అనుమానం ఉంటే కొత్తది తెరవండి. సూది వేసే చోట గడ్డ కట్టిందేమో తడిమి చూడండి. చెవి, పన్ను, మూత్రం, ఎక్కడైనా ఇన్ఫెక్షన్ మిగిలిందేమో డాక్టర్‌గారిని చూడమనండి. ఇవేవీ కాకపోతే ఇంకో కారణం నాకు తోస్తోంది. 22 కిలోలకి 12 యూనిట్లు అంటే కిలోకి 0.5 చిల్లర. ఇది తక్కువే, అంటే బాబు క్లోమంలో ఇంకా కాస్త ఇన్సులిన్ ఊరుతూ ఉండి ఉండొచ్చు. దాన్ని హనీమూన్ దశ అంటారు. మొదటి ఏడాదిలో ఒక గట్టి జ్వరం తర్వాత అది తగ్గిపోవడం తరచుగా జరుగుతుంది, అప్పుడు పాత డోసు ఇక సరిపోదు. అది మీ తప్పు వల్లో, ఆ రాత్రి సగం వేసినందువల్లో జరిగేది కాదు, ఎప్పటికైనా జరగాల్సిందే. ఇంకో మూడు రోజులు పొద్దున లేవగానే, ప్రతి భోజనం ముందు, పడుకునేటప్పుడు, రాత్రి మూడు గంటలకి రీడింగ్ రాసి, పక్కన ఎంత తిన్నాడు, ఎన్ని యూనిట్లు వేశారు అన్నది కూడా రాసి డాక్టర్‌గారికి పంపండి. పొద్దున లేవగానే కూడా 200 పైనే ఉంటే రోజుకోసారి వేసేదాన్ని, పొద్దున బాగుండి భోజనం తర్వాతే పెరుగుతుంటే భోజనం డోసుని మారుస్తారు. పెంచాక ఆ రాత్రి మూడు గంటల రీడింగ్ మాత్రం ఓ వారం రోజులు మానకండి, జ్వరం ప్రభావం పూర్తిగా పోయాక పెంచిన డోసే ఎక్కువై షుగర్ దిగిపోవచ్చు, అప్పుడు మళ్లీ తగ్గించుకోవాల్సి వస్తుంది.